ఎక్కడా, అంతటా, ఎక్కడ చూసినా

తెలుగులో ‘ఎక్కడా’ అంటే ఎక్కడా లేదనే. ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు చివర దీర్ఘం తగిలించామా, వాక్యం ‘లేదు’ కోసం ఎదురుచూస్తుంది. పక్కింటి తమిళం ఇదే పని చేస్తే ఫలితం తలకిందులవుతుంది. ‘ఎంగు’ అంటే ఎక్కడ. దానికి ‘ఉం’ చేరిస్తే ‘ఎంగుం’, అంటే అంతటా. కన్నడం రెండింటికీ నడుమ నిలబడింది. ‘ఎల్లూ’ అని ఒకసారి అంటే మనలాగే ‘ఎక్కడా లేదు’ వైపు మొగ్గుతుంది, ‘ఎల్లెల్లూ’ అని రెండుసార్లు అంటే అంతటా నిండిపోతుంది. ఒక తల్లి బిడ్డలైన మూడు భాషలు ఒకే పనిముట్టు చేతపట్టి మూడు దారులు పోయాయి.

మరి అంతటా ఉండడమన్న భావానికి తెలుగు వాడే మాట ఏది? నిఘంటువు తెరిస్తే సర్వవ్యాపి, సర్వాంతర్యామి, సర్వగతుడు, విభువు, సర్వత్ర అంటూ వరస కనిపిస్తుంది. ఒకదానికొకటి పర్యాయపదాలన్నట్టు పక్కపక్కనే కూర్చుంటాయి. ఆ వరసను అంత తేలిగ్గా నమ్మకూడదు. ఒక్కో మాట కడుపులో ఒక్కో క్రియ దాగి ఉంది. ఒకటి అందుకుంటుంది, ఒకటి లోపలికి దూరుతుంది, ఒకటి అదుపు చేస్తుంది, ఒకటి చూస్తుంది. ఆ క్రియలను బయటికి తీస్తే గానీ ఏ మాట ఎక్కడ చెల్లుతుందో తేలదు.

ఈ విచారణకు విశాఖపట్నం మంచి చోటు. హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. ఊరి వెనక సింహాచలం. తీరాన తూర్పు నౌకాదళం. గాజువాక దాటితే ఉక్కునగరం. అంతటా ఉన్నవాడి గురించీ, అంతటా ఉండాల్సిన వాళ్ళ గురించీ, అంతటా పడే పొడి గురించీ ఈ ఒక్క ఊళ్ళోనే ఇన్ని భాషల్లో వినొచ్చు.

లోపల కూర్చుని నడిపేవాడు

తెలుగువాళ్ళ నోట ఎక్కువగా నలిగే మాట సర్వాంతర్యామి. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ సభకు వెళ్ళినా ముందువరసలో కనిపించే పెద్దమనిషిని కూడా వెటకారంగా సర్వాంతర్యామి అంటాం. అంటే అంతటా ఉండేవాడని మన ఉద్దేశం. మాట పుట్టుకలో ఆ అర్థం లేదు. ‘అంతర్’ అంటే లోపల. ‘యామి’ అన్నది ‘యమ్’ ధాతువు నుంచి వచ్చింది; అదుపు చేయడం, నడపడం దాని అర్థం. నియమం, సంయమనం ఈ ధాతువు సంతానమే. రామకృష్ణా బీచ్‌లో పొద్దున్నే కళ్ళు మూసుకుని చేసే ప్రాణాయామంలోనూ ఉన్నది ఇదే. కాబట్టి అంతర్యామి అంటే లోపలుండి నడిపేవాడు.

ఈ మాటకు పేరు తెచ్చిన చోటు బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయం. జనకుడి సభలో ఉద్దాలక ఆరుణి యాజ్ఞవల్క్యుణ్ణి ఈ అంతర్యామి ఎవరని అడుగుతాడు. యాజ్ఞవల్క్యుడు భూమితో మొదలుపెట్టి నీరు, నిప్పు, గాలి, సూర్యుడు, దిక్కులు, చీకటి, వెలుగు, చివరకు కన్ను, చెవి, మనసు దాకా ఒక్కొక్కటే లెక్కపెడతాడు. అన్నింటికీ చెప్పేది ఒకటే: అతడు దాని లోపలున్నాడు, అది అతణ్ణి ఎరగదు, అదే అతని శరీరం, లోపలినుంచి దాన్ని నడిపేది అతడే. జాబితా ఎంత పొడవైనా ఆ సమాధానంలోని బరువు విస్తీర్ణం మీద లేదు, అదుపు మీద ఉంది. రామానుజులు జగత్తు ఈశ్వరుడి శరీరమని చెప్పిన సిద్ధాంతానికి ఈ ఘట్టం పెద్ద ఆధారం. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని వైష్ణవులు చెప్పే అయిదు రూపాల్లో అంతర్యామిది ప్రత్యేకమైన స్థానం కావడానికీ కారణం ఇదే.

మరి లోపలుండి నడిపేవాడు తెలుగులో అంతటా ఉండేవాడిగా ఎప్పుడు మారాడు? అన్నింటి లోపలా ఉంటే అంతటా ఉన్నట్టే కదా అన్న తర్కం ఒక కారణం. రెండోది నా ఊహ: సర్వాంతర్యామి అనగానే తెలుగు చెవికి మధ్యలో ‘అంత’ వినిపిస్తుంది. సంస్కృతపు ‘అంతర్’ మన ‘అంతటా’కి చుట్టమై కూర్చుంది. పైగా ‘యామి’ అంటే సంస్కృతంలో ‘వెళుతున్నాను’ అనే అర్థం కూడా ఉండడంతో, అంతటికీ వెళ్ళేవాడన్న పొరపాటు వ్యుత్పత్తికి దారి దొరికింది. మాట తన ధాతువును మరిచిపోయినా వాడుకలో తప్పేమీ లేదు. కాని ధాతువు గుర్తుంటే పనికొచ్చే సందర్భం ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

అందుకునేది, పరుచుకునేది

సర్వవ్యాపి కథ వేరు. ‘వి’ ఉపసర్గకు ‘ఆప్’ ధాతువు చేరితే వ్యాప్తి. ఆప్ అంటే అందుకోవడం, చేరుకోవడం. ఇక్కడ లోపలా లేదు, అదుపూ లేదు, ఉన్నదల్లా చేరిక. అందుకే ఈ మాట దేవుడికీ చెల్లుతుంది, జ్వరానికీ చెల్లుతుంది, వదంతికీ చెల్లుతుంది. రేవు దగ్గరి పాతపట్నం ఇళ్ళలో ఎంత తుడిచినా కిటికీ అంచు మీద వేలికంటే నల్లపొడి ఉంది చూశారూ, అది సర్వవ్యాపి. దాన్ని సర్వాంతర్యామి అనడానికి నోరు రాదు. ఈ ఒక్క పరీక్షతోనే రెండు మాటలూ విడిపోతాయి.

తర్కశాస్త్రం వ్యాప్తిని ఇంకా పదును పెట్టింది. పొగ ఉన్న చోటల్లా నిప్పుంటుంది. ఆ విడదీయరాని సంబంధానికే అక్కడ వ్యాప్తి అని పేరు. నిప్పు వ్యాపకం, పొగ వ్యాప్యం. దీన్ని తిప్పి చెబితే చెల్లదు: నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉండదు. దానికి తార్కికులు ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ అయోగోళకం, అంటే ఎర్రగా కాలిన ఇనపగుండు. అందులో నిప్పుంది, పొగ లేదు. ఉక్కునగరపు కార్మికుడికి ఈ ఉదాహరణను వివరించనక్కర్లేదు. ఎర్రగా మెరుస్తూ కదిలే ఉక్కు కడ్డీని చూసినవాడు ఈ పాఠం కళ్ళతోనే చదివాడు. ‘అంతటా’ అన్న మాట ఎప్పుడూ ఇంకోదాన్ని కొలతగా పెట్టుకునే నిలబడుతుందని ఈ ఇనపగుండు చెబుతుంది. దేని పరిధిలో అంతటా అన్న ప్రశ్న తేలకుండా వ్యాప్తి తేలదు.

వ్యాపకం తెలుగులోకి వచ్చి చిత్రంగా చిక్కిపోయింది. అన్నింటినీ ఆవరించేది కాస్తా సాయంత్రం పూట కాలక్షేపమైంది. స్టాంపులు పోగుచేయడం మా మావయ్య వ్యాపకం అంటాం. మనసంతా ఆక్రమించేది అన్న అర్థం నుంచి దిగివచ్చిన మాట కాబోలు. వ్యాపారం మాత్రం ఈ ఇంటిది కాదు. రేవు పట్నంలో సరుకు అంతటా వ్యాపిస్తుంది కాబట్టి వ్యాపారమని ఎవరైనా చెబితే వినడానికి బాగుంటుంది గానీ, దాని పుట్టుక వేరు ధాతువు: పనిలో మునిగి ఉండడం.

విభువుదీ ఇలాంటి దిగుదలే. ‘వి’కి ‘భూ’ చేరి పుట్టిన మాట. హద్దు లేకుండా విస్తరించి ఉన్నది అని అర్థం. న్యాయ వైశేషికులు ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ ఈ నాలుగింటినే విభువులన్నారు. కావ్యాల్లోకి వచ్చేసరికి విభుడంటే రాజు, ఇంకొంచెం దిగి నాయిక నోట భర్త. ఆకాశమంత మాట ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

విష్ణువు పేరు గురించి యాస్కుడే తన నిరుక్తంలో రెండు దారులు చూపించాడు: ప్రవేశించడం అన్న ‘విశ్’ ధాతువు ఒకటి, ‘వి’ ఉపసర్గతో కూడి వ్యాపించడాన్ని చెప్పే ‘అశ్’ ధాతువు ఇంకోటి. లోపలికి దూరేవాడా, అంతటా పరుచుకునేవాడా అన్న సందిగ్ధం ఆనాటిదే. విష్ణు సహస్రనామం మొదటి పేరు విశ్వం, రెండో పేరు విష్ణువు. వేదభాషలో ‘విశ్వ’ అంటే ‘అన్నీ’. తర్వాతి సంస్కృతంలో ఆ పని ఎక్కువగా ‘సర్వ’కు అప్పగించి, తాను లోకమన్న అర్థంలో స్థిరపడింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పేరులో ఉన్నదీ ఆ విశ్వమే. ఇక ఊరి పేరు చూడండి: విశాఖ. ‘వి’, ‘శాఖ’ కలిసిన మాట. కొమ్మలు చీలి విడివడినది అని అర్థం. వ్యాప్తిలో, విభువులో, విస్తారంలో ఉన్న ‘వి’ ఈ ఊరి పేరు మొదటి అక్షరం.

ఉన్నవాడు, చూస్తున్నవాడు

దర్గా కొండ మీది మాట హాజిర్-నాజిర్. అరబ్బీ మూలం, ఫారసీ ఉచ్చారణ, ఉర్దూ వాడుక. హాజిర్ అంటే ఎదుట ఉన్నవాడు, నాజిర్ అంటే చూస్తున్నవాడు. ఉర్దూలో ప్రమాణం చేసేవాడు దేవుణ్ణి హాజిర్-నాజిర్‌గా ఎంచి చెబుతున్నానంటాడు. ఈ జంటలో మొదటి సగం మన బడిలోకి ఎప్పుడో వచ్చేసింది. మాస్టారు పేరు పిలవగానే పిల్లవాడు లేచి పలికేది ‘హాజరు’. హుజూరు, హజ్రత్ ఆ ధాతువు పిల్లలే. మన హుజూర్‌నగర్, హుజూరాబాద్ ఊళ్ళ పేర్లలో ఉన్నదీ అదే. రెండో సగం కోర్టు నాజరు పదవిగా మిగిలింది. సర్వేశ్వరుడి లక్షణాలు రెండూ తెలుగునేల మీద ఒకటి రిజిస్టరుకూ, ఒకటి ఉద్యోగానికీ సర్దుకున్నాయి. ఈ మాట అల్లాకే చెల్లుతుందా, ప్రవక్తకూ చెల్లుతుందా అన్నదానిపై ఉపఖండపు ముస్లిం పండితుల మధ్య పెద్ద వాదమే నడిచింది.

ఇక్కడ గమనించాల్సింది చూపు. ఉండడంతో సరిపెట్టకుండా చూడడం కూడా చేర్చింది ఈ మాట. తెలుగులో ప్రమాణం చేసేటప్పుడు దైవసాక్షిగా అంటాం. సాక్షి అంటే కన్నున్నవాడు. వేదంలో ఈ కన్ను వరుణుడిది. అథర్వవేదంలోని ఒక సూక్తంలో ఇద్దరు కూర్చుని గుసగుసలాడితే మూడోవాడుగా ఉన్న వరుణుడికి తెలిసిపోతుంది. రెండు సముద్రాలే పొట్టలుగా ఉన్నవాడే చిన్న నీటిచుక్కలోనూ దాగి ఉంటాడు. భారత నౌకాదళం తన ధ్యేయవాక్యంలో శుభం కోరుకున్నది ఈ వరుణుణ్ణే. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్ళో, ఎక్కడున్నా చూసే దేవుడు సముద్రాల దేవుడే కావడం బాగా కుదిరింది.

క్రైస్తవంలో ఈ భావానికి ఆయువుపట్టు కీర్తనల గ్రంథంలోని 139వ కీర్తన. అందులో భక్తుడు నీ నుంచి ఎక్కడికి పారిపోను అని అడుగుతాడు. ఆకాశానికి ఎక్కినా, పాతాళంలో పడుకున్నా, వేకువ రెక్కలు కట్టుకుని సముద్రపు చివరికి ఎగిరినా అక్కడా నువ్వే అంటాడు. అంతా క్రియలే, సర్వవ్యాపి లాంటి నామవాచకం ఒక్కటీ లేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. అలా ఈ ఊళ్ళో సాగిన ఆ అనువాదపు పనికి సంస్కృత సమాసాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఈనాటికీ తెలుగు క్రైస్తవ ప్రార్థనల్లో సర్వవ్యాపి, సర్వాంతర్యామి రెండూ వినిపిస్తాయి.

ఫిరంగి మీద రాసిన మాట

ఇంగ్లీషు యుబిక్విటస్ మూలంలో లాటిన్ ‘ఉబీక్వే’ ఉంది. ‘ఉబీ’ అంటే ఎక్కడ, ‘క్వే’ అంటే కూడా, మరియు. ఎక్కడ-కూడా కలిస్తే అంతటా. మన పక్కింటి ‘ఎంగుం’ కూడా అచ్చంగా ఇలాగే కట్టిన మాట. ఏ చుట్టరికమూ లేని రెండు భాషాకుటుంబాలు ఒకే ఉపాయం పట్టాయి. లాటిన్ ‘క్వే’, సంస్కృతపు ‘చ’ మాత్రం నిజంగానే అన్నదమ్ములు. ‘కశ్చన’ లాంటి మాటల్లో ప్రశ్నకు ‘చ’ను అంటించే అలవాటు సంస్కృతంలో ఉన్నా, అంతటా అనడానికి అది ఆ దారి పట్టలేదు, ‘సర్వ’కు చోటును చెప్పే ‘త్ర’ను చేర్చి సర్వత్ర అంది.

ఐరోపాలోనూ ఈ మాట మొదట మతవివాదంలోనే పుట్టింది. 16వ శతాబ్దపు జర్మనీలో లూథర్ అనుయాయులు క్రీస్తు శరీరం ఏకకాలంలో అన్నిచోట్లా ఉండగలదా అని తగువులాడుకున్నారు. ఉండగలదన్నవాళ్ళకు ప్రత్యర్థులు యుబిక్విటేరియన్లని పేరు పెట్టారు. మూడు వందల ఏళ్ళకు మాట గుడి దిగి దండులో చేరింది. 1830ల్లో బ్రిటిష్ రాజు నాలుగో విలియం తన ఫిరంగి దళానికీ ఇంజనీర్లకూ ‘ఉబీక్వే’ను ధ్యేయవాక్యంగా ఇచ్చాడు. ప్రతి యుద్ధంలోనూ వాళ్ళుంటారు కాబట్టి విడివిడిగా యుద్ధాల పేర్లు చెక్కనక్కర్లేదని భావం. స్వతంత్ర భారతంలో ఇంజనీర్ల దళం దాన్ని ‘సర్వత్ర’గా మార్చుకుంది. ఫిరంగి దళం ఇంకో అడుగు వేసి ‘సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్’ అంది: అంతటా గౌరవం, అంతటా కీర్తి. సంస్కృతం ఒక చక్రం, ఉర్దూ ఒక చక్రం. డీఆర్‌డీవో తయారుచేసిన యుద్ధవంతెనకూ ‘సర్వత్ర’ పేరే పెట్టారు. తెలుగు పత్రికల్లో మాత్రం ఈ మాటకు ఒక్కటే కొలువు మిగిలింది: సర్వత్రా హర్షం వ్యక్తమవుతోంది. అది కూడా చివర ఒక తెలుగు దీర్ఘం తగిలించుకుని.

తెలుగు తన సొంత చేత్తో చేసినది

సంస్కృతం, ఉర్దూ, లాటిన్ పక్కకు పెడితే తెలుగు దగ్గర ఏముంది? మూడు నాలుగు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రుచి.

మొదటిది రెట్టింపు. ఊరూరా, వాడవాడలా, ఇంటింటా, అడుగడుగునా. ఇవి ఒక్కసారిగా అంతటినీ కప్పవు. ఒక్కో ఊరికీ వెళతాయి, ఒక్కో గుమ్మం ఎక్కుతాయి. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదం గురించి రాసేటప్పుడు ఊరూరా వినిపించిందనాలి తప్ప సర్వవ్యాప్తమైందంటే ఆ నడక పోతుంది.

రెండోది అంతటా, ఎల్లెడలా. ‘ఎల్ల’ అంటే అన్నీ, ‘ఎడ’ అంటే చోటు. అదే ‘ఎల్ల’కు తెలుగులో హద్దు అన్న అర్థం కూడా ఉంది. తమిళం వీటిని ‘ఎల్లాం’, ‘ఎల్లై’ అని విడదీసి ఉంచుకుంటే, తెలుగులో అన్నీ, హద్దూ ఒకే ధ్వనిలో ఇరుక్కున్నాయి. ఎల్లలు లేకుండా ఎల్లెడలా అన్నప్పుడు రెండూ ఎదురెదురుగా నిలబడతాయి.

మూడోది రెండు ‘లేదు’లు: ఆయన లేని చోటు లేదు. వెలితిని వెతికి, వెలితి దొరకలేదని చెప్పడం. ఇది రుజువు చేసే పద్ధతి. తార్కికుడి వ్యాప్తికి తెలుగులో దగ్గరి చుట్టం ఇదే. వీటన్నింటి పక్కన చిరాకుకు ఇంకో మాటుంది: ఎక్కడ పడితే అక్కడ. పూలు అంతటా ఉంటాయి, చెత్త ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. అంతటా ఉండడంలో ఒక క్రమం ఉందని, అది లేకపోతే వేరే మాట కావాలని తెలుగుకు తెలుసు.

నాలుగోది, నా దృష్టిలో అన్నింటికన్నా తెలుగుదనం ఉన్నది: ఎక్కడ చూసినా. ఈ మాటకు కర్త ఉన్న వస్తువు కాదు, చూసే మనిషి. పోతన భాగవతంలో, ప్రహ్లాదుడు తండ్రికి జవాబిచ్చే పద్యం తెలుగు పిల్లలందరికీ నోటికొచ్చినదే. దాన్ని ఒకసారి వ్యాకరణం కళ్ళతో చూడండి. అంతటా ఉండడాన్ని చెప్పే సంస్కృత సమాసం అందులో ఒక్కటే: సర్వోపగతుడు, అన్నింటినీ చేరినవాడు. సర్వాంతర్యామి లేదు, సర్వవ్యాపి లేదు. మిగిలిన బరువంతా ఇందు, అందు, ఎందు అనే మన చిన్న మాటలు మోస్తాయి. ‘ఎందు’ను రెట్టించి, దానికి వెతకడాన్నీ చూడడాన్నీ కలిపి, ‘అందు’ను మళ్ళీ రెట్టించి ముగిస్తాడు. అంటే రెట్టింపు దారినీ, ఎక్కడ చూసినా దారినీ ఒకే పద్యంలో కలిపేశాడు. హిరణ్యకశిపుడి తర్వాతి ప్రశ్న, ఈ స్తంభంలో చూపగలవా అన్నది, ఈ వ్యాకరణంలోంచే పుడుతుంది. వెతికి చూస్తే ఉంటాడన్నావు కదా, అయితే చూపించు.

ఏ మాట దేనికి

ఇప్పుడు అనువాదకుడి బల్ల దగ్గరికి రావాలి. 1988లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో మార్క్ వైజర్ యుబిక్విటస్ కంప్యూటింగ్ అన్న మాట తెచ్చాడు. తెలుగులో చటుక్కున తోచేది సర్వవ్యాప్త కంప్యూటింగ్. కాని 1991 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో వైజర్ చెప్పిన అసలు సంగతి సంఖ్య కాదు. నిజంగా లోతైన సాంకేతికత రోజువారీ బతుకులో కలిసిపోయి కంటికి ఆనకుండా పోతుందన్నది ఆయన భావం. గోడలో, తలుపులో, గడియారంలో ఉండి నడుపుతుంది. మనం దాన్ని ఎరగం. యాజ్ఞవల్క్యుడి భూమి కూడా తన లోపలివాణ్ణి ఎరగదు. సరైన మాట సర్వాంతర్యామి దగ్గరే ఉంది, ధాతువు మరవకపోతే. చేతిలో వెలుగుతూ నిమిషానికోసారి పిలిచే ఫోను మాత్రం అంతర్యామి కాదు. దానికి సర్వవ్యాపి చాలు.

అలాగే నిఘా కెమెరాల గురించి రాసేవాళ్ళకు హాజిర్-నాజిర్‌ను మించిన మాట దొరకదు. అక్కడ ఉండడం కన్నా చూడడమే పని. జబ్బుకూ పొడికీ వ్యాప్తి. ఉద్యమానికి ఊరూరా. సైనికుడికి సర్వత్ర. మనం రోజూ కళ్ళతో చూసి చెప్పేదానికి, అది పూల తీగైనా ఫ్లెక్సీ బ్యానరైనా, ఎక్కడ చూసినా.

సింహాచలం గుడిలో కప్పస్తంభం ఉంది. భక్తులు దాన్ని కౌగిలించుకుని కోరికలు చెప్పుకుంటారు. ప్రహ్లాదుణ్ణి విష్ణువు కాపాడిన చోటు ఇదేనని స్థలపురాణం. అంతటా ఉన్నవాడని కొడుకు వాదించి గెలిచిన కథతో ముడిపడిన ఆ గుడిలో, స్వామి ఏడాది పొడవునా చందనం కప్పుకుని ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే నిజరూపం. ఆ రోజు కోసం ముందురాత్రి నుంచే కొండ మీద జనం బారులు తీరుతారు. అంతటా ఉన్నవాడి కోసం ఒక్క చోట నిలబడడం ఏమిటని వాళ్ళని అడిగితే నవ్వుతారు. అంతటా ఉండడం ఆయన పని. చూడడం మాత్రం మన పనే. తెలుగులో ఆ వాక్యం చూస్తే గానీ పూర్తి కాదు.